దూదేకులాయన ఊపిన పచ్చజెండా

మా ముత్తాతగారు నాలుగు గ్రామాలకు మొఖాసాదారు. ఆయన పల్లకీలో గుంటూరు కచేరీకి వెళితే కలెక్టరు దొర కుర్చీలోంచి లేచి నిలబడేవాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా తాతగారి కాలానికి పల్లకీ పోయి గుర్రపుబండి వచ్చింది. మాచర్ల వైపు రైలు మార్గం వేసేటప్పుడు మా పొలంలోంచి నేల కావలసి వస్తే, నష్టపరిహారం కాగితం మీద ఆయన సంతకం పెట్టలేదు. సర్కారు సొమ్ము మా ఇంటి గడప దాటి లోపలికి రాకూడదన్నారు. మా నాన్నగారు దావాల మనిషి. మా ఇంటి మెట్లకన్నా మద్రాసు హైకోర్టు మెట్లే ఆయనకు ఎక్కువ పరిచయం. ఆయన పోయేనాటికి ఒక గ్రామంలో సగం మిగిలింది. ఎస్టేట్లు రద్దయ్యాక ఆ సగమూ లేదు. నేను రైల్వేలో చేరి స్టేషన్ మాస్టర్నయ్యాను. తాతగారు ఉత్తపుణ్యానికి ఇచ్చిన నేల మీద నడిచే బళ్ళకు ముందుకు పోవచ్చని టోకెన్ అందించే ఉద్యోగం.

ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. నేను ఆ స్టేషన్లో ఎలాంటి మనిషిగా కూర్చునేవాణ్ణో తెలియకపోతే, ఒక దూదేకులాయన పట్ల నేను చేసిన పని మీకు అర్థం కాదు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, అందులోంచి ఏరుకోవలసింది మీరే ఏరుకోండి. నేను చేసిన ఉద్యోగంలో చాలా ప్రమాదాలు తప్పించాను. ఇది తప్పించలేకపోయాను.

మాది సత్తెనపల్లి దాటాక వచ్చే చిన్న మీటరుగేజి స్టేషను. పగటిపూట అటు రెండు, ఇటు రెండు పాసింజర్లు. పత్తి, మిరప కాలంలో గూడ్సు బళ్ళు. సిబ్బందిలో చెప్పుకోవలసిన మనిషి మా బుకింగ్ క్లర్కు. నాకన్నా పదేళ్ళు చిన్న, బ్రహ్మచారి. గుంటూరులో ఒక దొరగారి బంగళా సామాను వేలం వేసినప్పుడు జనం కుర్చీలకూ గడియారాలకూ పోటీ పడుతుంటే, ఈయన ఒక లావుపాటి పుస్తకం కొనుక్కొచ్చాడు. అది యూరప్ ఖండమంతా నడిచే రైళ్ళ టైంటేబులు. అదీ యుద్ధానికి ముందుది. గుంటూరులో ఆదివారం పొద్దున ఆడే ఇంగ్లీషు సినిమాలు చూసి రావడం, ఆ కథ ఏ ఊళ్ళో జరిగిందో గుర్తుపెట్టుకుని ఆ ఊరికి ఏ బండి ఎక్కాలో పుస్తకంలో వెతుక్కోవడం, ఇదీ ఆయన వ్యాపకం.

"మాస్టారూ, రేపు పొద్దున పారిస్‌లో బండెక్కితే ఎల్లుండికి రోములో ఉంటామండీ," అనేవాడు.

"ముందు మన డౌన్ పాసింజర్ ఎక్కడ చచ్చిందో కనుక్కోవయ్యా."

"అదెక్కడికి పోతుందండీ, గంట లేటు. రోము బండి లేటుండదు."

ఆయన స్నేహితుడొకడు లండన్లో చదువుకుంటూ ఉత్తరాలు రాసేవాడు. అక్కడి జనం సెలవులకు రైలెక్కి దేశదేశాలు తిరిగి, ఫలానా సినిమాలో కనిపించిన వంతెన ఇదే, ఫలానా మెట్లు ఇవే అని చూసి, వాటి మీద నిలబడి ఫోటోలు దిగి వస్తారని ఒక ఉత్తరంలో రాశాడు. క్లర్కు దాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. పని లేని దేశాలన్నాను నేను.

యాభైల చివర్లో, కళ్ళాల నిండా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్న రోజుల్లో, మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ మా స్టేషనుకే వచ్చింది. పైఆఫీసు నుంచి ఉత్తర్వు ముందే వచ్చింది. ఒక ఇంజను, నాలుగు పెట్టెలు, ఒక్క రోజు. బండి యార్డు దాటకూడదు. ఆ రోజు దాని ప్రతి కదలికకూ బాధ్యుణ్ణి నేను.

తీయవలసింది చిన్న ఘట్టం. కథానాయకుడు పట్నం వెళ్ళిపోతుంటాడు. అతడు ప్రేమించిన అమ్మాయి ఆలస్యంగా పరుగెత్తుకుంటూ వస్తుంది. అప్పటికే స్టేషన్ మాస్టరు పచ్చజెండా ఊపేస్తాడు. నిజానికి పాసింజరుకు పచ్చజెండా ఊపేది గార్డు. అది చెబితే వాళ్ళకు పట్టలేదు. కంపెనీ మేనేజరు నా గదిలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"సార్, వేరే మనిషెందుకు? మీరే నిలబడండి. ఈ ఠీవి మాకు మద్రాసులో దొరకదు."

"మా వంశంలో మొహానికి రంగు పూసుకున్నవాళ్ళు లేరు," అన్నాను.

"రంగు అక్కర్లేదు సార్. ఊరికే నిలబడితే చాలు."

"ఊరికే నిలబడినవాళ్ళు కూడా లేరు."

మేనేజరు తల గోక్కుని, పోనీ కోటయినా ఇప్పించమన్నాడు. నాకు రెండు తెల్ల డ్రిల్లు కోట్లుండేవి, ఇత్తడి గుండీలవి. యూనిఫారం బయటివాళ్ళకు ఇవ్వకూడదని రూలుంది. అయినా ఇచ్చాను. కోటు వెళితే నేను వెళ్ళినట్టు కాదు కదా అని మనసులో ఏదో సరిపెట్టుకున్నాను.

కోటుకు మనిషి కావాలి. బెంచీ మీద ఒక దూదేకులాయన బండి కోసం కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. పొడుగరి, సన్నగా, నెరిసిన గడ్డం. ఊళ్ళో ఎవరివో పరుపులు ఏకి తిరిగి వెళుతున్నాడు. దూది ఏకే విల్లు పక్కన గోడకు ఆనించి ఉంది. కనుబొమల మీద ఇంకా దూది పీచు ఉంది. డైరెక్టరు ఆయన్ని చూసి, "అదిగో మన మాస్టరు," అన్నాడు. నడుము పైకే తీస్తారు గనక కింద లుంగీ ఉన్నా ఫరవాలేదన్నారు. కోటు ఆయనకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. నాకది నచ్చలేదు.

డైరెక్టరు చేతిరుమాలు పైకెత్తితే జెండా ఊపాలని ఆయనకు చెప్పారు. గూడ్సు షెడ్డు దగ్గర మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలు దొంతర్లుగా ఉన్నాయి. గాలి ఇటు తిరిగింది. ఆ ఘాటుకు డైరెక్టరుకు తుమ్ము వచ్చి రుమాలు ముక్కు దగ్గరికెత్తాడు. దూదేకులాయన జెండా ఊపాడు. ఇంజను డ్రైవరు గుంటూరు మనిషి, పాతికేళ్ళ సర్వీసు. జెండా చూసి బండి కదిలించాడు. కథానాయకుడు ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి ఉన్నాడు, ఆయన చేతిలోని పెట్టె ప్లాట్‌ఫారం మీద పడి మూత ఊడింది. నేను పరుగెత్తాను.

"ఎవడు కదిలించమన్నాడయ్యా బండిని?"

డ్రైవరు ఇంజనులోంచి తల బయటపెట్టాడు. "మాస్టరుగారు జెండా ఊపారు గదండీ!"

"మాస్టర్ని నేనయ్యా!"

"ఏమోనండీ. కోటు ఆయన మీదుంది."

ప్లాట్‌ఫారమంతా ఘొల్లుమంది. చూడటానికొచ్చిన నాలుగూళ్ళ జనం, హమాలీలు, మద్రాసు వాళ్ళు, ఆ కథానాయిక కూడా. నా చెవులు మండాయి. తప్పు డైరెక్టరుది, రుమాలుది, మిరపకాయలది. నేను తిరిగింది మాత్రం దూదేకులాయన మీదికి.

"కోటు తొడుక్కుంటే మాస్టరువైపోయావనుకున్నావా? సాయంత్రం దాన్ని అట్లాగే తెచ్చి నా చేతికిచ్చేవు, జాగ్రత్త. నీ ఒంటి మీది కోటు నేను తొడుక్కోను. ఉతికించి తీసుకురా!"

నవ్వులు ఆగిపోయాయి. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "అట్టాగేనండయ్యా," అన్నాడు.

మళ్ళీ తీశారు. ఈసారి నేను గది కిటికీలోంచి చూశాను. ఆయన జెండా ఊపి, చెయ్యి దించి, కదిలిన బండి వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. డైరెక్టరు ఆపమనడం మరిచిపోయాడు. నాలుగో పెట్టె కూడా దాటిపోయాక గాని కెమెరా ఆగలేదు.

నాలుగు రోజుల తరవాత ఆయన కోటు తెచ్చాడు. వాళ్ళ ఊరు ఎనిమిది మైళ్ళు. బండి టిక్కెట్టు దండగని నడిచి వచ్చాడు. గంజి పెట్టి, మడత నలగకుండా పాత పంచెలో చుట్టి తెచ్చాడు. "ఆ కొక్కేనికి తగిలించు," అన్నాను తల ఎత్తకుండా. తగిలించి కాసేపు నిలబడ్డాడు.

"బొమ్మ ఎప్పుడొస్తాదండయ్యా?"

"నాకేం తెలుసు?"

వెళ్ళిపోయాడు. ఆ కోటు నేను మళ్ళీ తొడుక్కోలేదు.

మరుసటేడు సినిమా వచ్చింది. గుంటూరులో బాగా ఆడింది. ఆ తరవాత జరిగింది మాత్రం మా క్లర్కు కూడా ఊహించలేదు. ఆదివారాలు గుంటూరు నుంచీ నరసరావుపేట నుంచీ జనం పనిగట్టుకుని మా స్టేషన్లో దిగేవాళ్ళు. ఆ ప్లాట్‌ఫారం చూసి, తెచ్చుకున్న పులిహోర తిని, తిరుగు బండికి వెళ్ళిపోయేవాళ్ళు. క్లర్కు ఆనందం చెప్పనలవి కాదు. "చూశారా మాస్టారూ, మనం యూరప్ వెళ్ళలేకపోయినా యూరప్పే వచ్చింది," అని జనానికి అంతా తిప్పి చూపించేవాడు.

"ఇదిగోనమ్మా, ఈ స్తంభానికే ఆనుకుని హీరోయిను ఏడ్చింది."

"ఈ స్తంభమేనా? బొమ్మలో లావుగా ఉందే?"

"కెమెరాలో అన్నీ లావవుతాయమ్మా. ఆవిడతో సహా."

ఆ వచ్చినవాళ్ళు ఎప్పుడూ ఒకటి అడిగేవారు. ఆ జెండా ఊపిన స్టేషన్ మాస్టరుగారేరి? క్లర్కు నన్ను చూపించేవాడు. వాళ్ళు నన్ను తేరిపార చూసి పెదవి విరిచేవాళ్ళు. "ఈయన కాదండీ. ఆయన పెద్దమనిషి," అని ఒక రైతు నా ఎదుటే అన్నాడు. క్లర్కు నవ్వు ఆపుకోలేక టిక్కెట్ల గదిలోకి పారిపోయాడు. నేను సినిమా చూడలేదు. చూడనని పంతం పట్టాను.

వానలు వెనకబట్టాక ఒక బుధవారం మధ్యాహ్నం పాసింజరులోంచి ఒకావిడ ఒంటరిగా దిగింది. నలభై అయిదేళ్ళుంటాయి. వెలిసిన చీర, తల మీద కొంగు. ఆవిడ స్తంభం వైపు పోలేదు. ప్లాట్‌ఫారం మధ్యకు నడిచి, దూదేకులాయన జెండా పట్టుకుని నిలబడ్డ చోట సరిగ్గా ఆగింది. బండి వెళ్ళిన దిక్కుకు చూస్తూ నిలబడింది. బండి కనుమరుగైనా కదల్లేదు. క్లర్కు వెళ్ళి ఏదో అడిగి, మొహం మారి, నా దగ్గరికి తీసుకొచ్చాడు.

"ఆయన భార్యండీ. ఆయన పోయారట."

ఆవిడ నాకు సలాం పెట్టి గుమ్మం బయటే నిలబడింది. క్లర్కు బల్ల చూపించినా కూర్చోలేదు.

"ఆయాసమండీ. ఆ దూది పీచు లోపలికి పోయి పోయి, మొన్న వానల్లో ఊపిరి ఆడలేదు. బొమ్మ మా ఊరు రాకముందే పోయాడండీ. సినిమాలో యాక్టు చేశానంటే ఊళ్ళో ఒక్కరు నమ్మలేదు. 'ఏం మాస్టరూ, బండొచ్చిందా?' అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆ తర్వాత టెంటు హాల్లోకి బొమ్మ వచ్చింది. ఊరు ఊరంతా పోయి చూశారు. ఆయన కనిపించంగానే హాలంతా లేచి నిలబడ్డారండీ."

"నువ్వు చూశావామ్మా?" అని క్లర్కు అడిగాడు.

"పదకొండు రోజులు ఆడింది. పదకొండు రోజులూ పోయా. పోతే పోనీయండి సిగ్గు. నేను మా అమ్మగారింటికి సత్తెనపల్లి పోయేటప్పుడల్లా బండి ఎక్కించి అట్టాగే సూస్తా నిలబడేవాడండీ. ఆ సూపు యాక్టింగు కాదు. నా బండికేసి సూసే సూపే అది." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు టెంటు ఎత్తేశారు. మా ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి లేదు. అప్పుడే ఆయన మొహం గుర్తులోంచి కొంచెం కొంచెం పోతాంది నాకు. అందుకని వచ్చానయ్యా. ఇక్కడ తీసిన బొమ్మ గదా, మీ దగ్గర నకలు ఉంటాది గదా అని."

నేను అర్థం కానట్టు చూశాను.

"మునసబు దగ్గర రాసింది మునసబు దగ్గర ఒక నకలుంటాది. రిజిస్ట్రారాఫీసులో రాస్తే అక్కడుంటాది. ఈడ తీస్తే ఈడ ఉండదా అండీ? ముక్కయినా చాలు."

క్లర్కు తల పక్కకు తిప్పుకున్నాడు. అలాంటిదేమీ స్టేషన్లో ఉండదని నేను చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నేను ఇవ్వడానికి ఇష్టపడక లేదంటున్నానని అనుకుని ఉంటుంది. నన్ను మెత్తబరచాలని చూసింది.

"మీ గురించి ఆయన ఎంత చెప్పాడో తెలుసా అండీ? మాస్టరుగారు తన చేత్తోనే కోటు తొడిగి, గుండీలు పెట్టి, భుజం తట్టారని చెప్పాడు. అందరికీ అదే చెప్పేవాడు."

నేను బల్ల మీది రిజిస్టరు తిప్పడం మొదలుపెట్టాను. ఆవిడ తల వంచుకుని, చాలా నెమ్మదిగా అంది.

"ఆ కోటు ఉతికింది నేనేనండీ. ఇంటికి తెచ్చి, కుంకుడు రసం పోసి ఉతకమన్నాడు. అంత ప్రేమగా తొడిగిన కోటు మళ్ళీ ఉతికి తెమ్మంటారా ఎవరైనా? నాకు తెలుసు. ఆయనకి మాత్రం నాకు తెలిసిందని చెప్పలేదు."

అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే నేను భరించేవాణ్ణి, మా ఇంట్లో మాట పడటమూ మాట అనడమూ రెండూ నేర్పారు. ఇది ఎలా పుచ్చుకోవాలో నేర్పలేదు. వచ్చే బుధవారం రమ్మని మాత్రం అనగలిగాను.

ఆవిడ వెళ్ళాక క్లర్కును పిలిచి ఆ సినిమా పెట్టె ఇప్పుడెక్కడ ఉందో కనుక్కోమన్నాను.

"కనుక్కునేదేముందండీ. మొన్న పార్సిలు రాసింది నేనే." ఊరి పేరు చెప్పి నా మొహం చూశాడు. అది మా పాత మొఖాసాలోని ఊరు. ఆ టెంటు హాలు నిలబెట్టింది మా కచేరీ సావిడి ఉన్న జాగాలో. దాని యజమాని మా తాతగారి గుర్రపుబండి తోలినవాడి కొడుకు. ఆ ఊళ్ళో నేను కాలు పెట్టి తొమ్మిదేళ్ళయింది.

"నువ్వెళ్ళి అడుగు," అన్నాను.

"నేనడిగితే టీ ఇప్పించి పంపిస్తాడండీ. ఫిల్ము కోశాడని తెలిస్తే విజయవాడ వాళ్ళు మళ్ళీ బొమ్మలు ఇవ్వరు. మీరు అడిగితే ఇస్తాడు. అడగాలి మరి."

నాకు వారంలో ఒక రోజు విశ్రాంతి. ఆదివారం పొద్దున బండెక్కాను. స్టేషను నుంచి రెండు మైళ్ళు పత్తి చేల మధ్య నడక. ఊళ్ళో ముసలివాళ్ళు కొందరు గుర్తుపట్టి అరుగుల మీదినుంచి లేచారు. నేను ఆగలేదు. ఆగితే తిరిగి వచ్చేస్తానని తెలుసు.

హాలు యజమాని తెర గుడ్డ ఆరబెట్టిస్తున్నాడు. నన్ను చూసి ఒక క్షణం నమ్మలేదు.

"అయ్యగారా! సినిమాకొచ్చారా ఏంటండీ? ఆట సాయంత్రమండీ." గొంతులో మర్యాద ఉంది, కళ్ళల్లో ఆట ఉంది. ఇనప కుర్చీ తెప్పించాడు. నేను కూర్చున్నాక కూడా తాను నిలబడే ఉన్నాడు.

"నాకు ఆ ఫిల్ములో చిన్న ముక్క కావాలి. రైలు స్టేషన్ ఘట్టంలోది," అన్నాను.

"ఎందుకండీ? మీ కోటు ఉందనా?" నవ్వాడు. కథ ఆ ఊరి దాకా వచ్చిందన్నమాట. "మా అయ్య మీ సావిడి ముందు గింజల కోసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడేవాడండీ. లోపలి నుంచి 'ఏం కావాలి?' అని అడిగేవాళ్ళే గాని, ఆయన నోరు తెరిచి అడిగేదాకా ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు. నేను అంత సేపు నిలబెట్టనులెండి. ఎందుకో చెప్పండి చాలు."

అతడు అడిగింది ఎక్కువేమీ కాదు. చెప్పడం మొదలుపెట్టాను. కోటు ఇవ్వడం, రుమాలు, తుమ్ము, డ్రైవరు మాట, జనం నవ్వడం. తరవాత నేను అన్న మాట, అన్నది అన్నట్టుగా చెప్పాను. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. ఆవిడ కోటు ఉతికిన సంగతీ చెప్పాను. చివర, "ఈ ఉపకారం చేసి పెట్టాలి. నేను అడుగుతున్నాను," అన్నాను.

అతడి కళ్ళల్లో ఆట పోయింది. ఇంకో కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. మా ఇంటివాళ్ళ ముందు ఆ ఇంటివాళ్ళు కూర్చోవడం అదే మొదటిసారి. నాకు ఆశ్చర్యంగా ఊరటనిపించింది.

"గడ్డపాయనేనా? పొడుగ్గా ఉంటాడు? మా ఆవిడ కాన్పుకి పరుపు ఏకిచ్చింది ఆయనే అండీ. పగలంతా విల్లు మోగిస్తానే ఉన్నాడు. పిల్లకి మెత్తగా ఉండాలని ఒకటికి రెండుసార్లు ఏకాడు." లేచి ప్రొజెక్టరు రేకుల గదిలోకి దారి తీశాడు.

సినిమా నేను తెర మీద ఎప్పుడూ చూడలేదు. చూసింది ఆ రేకుల గది కిటికీ వెలుతురులోనే. అతడు చేత్తో రీలు తిప్పుతుంటే ఫిల్ము నా వేళ్ళ మధ్యనుంచి సాగింది. గోరంత బొమ్మలు. మా ప్లాట్‌ఫారం, మా నీళ్ళ గొట్టం, ఆ అమ్మాయి, పొగ. తరవాత ఆయన వచ్చాడు. తెల్ల కోటులో, చెయ్యెత్తి. మూర తరవాత మూర ఆయనే. ఒక్కొక్క బొమ్మలో చెయ్యి వెంట్రుకవాసి దిగుతూ వచ్చింది. చివరికి ఊరికే చూస్తున్న మొహం. ఆ రైతు అన్నది నిజమే. పెద్దమనిషి.

"ఎక్కడ కొయ్యమంటారు?"

"ఆ చూపు దగ్గర."

నాలుగు బొమ్మల ముక్క కోసి, మిగిలిన కొసలు జిగురుతో అతికించాడు. ఆ జిగురు ఘాటుకు నా కళ్ళు తడిశాయని చెప్పుకున్నాను. "తెగిందని రాస్తాలెండి. రోజూ తెగుతానే ఉంటాది," అన్నాడు. బండి దాకా తన సైకిలు నడిపించుకుంటూ నా వెంట వచ్చాడు. దారిలో పత్తి పురుగు గురించీ, వాన గురించీ మాట్లాడుకున్నాం.

బుధవారం ఆవిడ వచ్చింది. రైల్వే కవరులో పెట్టి ఇచ్చాను. ఈసారి నేను గుమ్మం దాటి బయటికి వెళ్ళి, నిలబడి, రెండు చేతులతో ఇచ్చాను. ఆవిడ ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది. మొహం కొద్దిగా చిన్నబోయింది.

"కదలట్లేదండీ."

యూరప్ రైళ్ళన్నీ తెలిసిన మా క్లర్కు, ముక్కగా కోస్తే కదలదని, కదలాలంటే మిషను కావాలని ఏదో నసిగాడు.

"పోనీయండి," అంది ఆవిడ. ముక్కను వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ నెమ్మదిగా జరిపింది. ఆ నాలుగు బొమ్మల్లో ఆయన చూపు ఆగి ఆగి ముందుకు పోయింది. "చాలు. నేనే కదిలించుకుంటాను."

అప్పుడు చెప్పాను, నేను ఆయన్ని అవమానించానని, నన్ను క్షమించమని. ఆవిడ కవరు మడిచి రొంటిన దోపుకుంటూ, "మీరు గుండీలు పెట్టారనే చెప్పుకుంటానండయ్యా. ఆయన చెప్పిందే ఉండనీయండి," అంది. తిరుగు బండికి నేను ఆవిణ్ణి ఎక్కించాను. బండి కదిలాక ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఆవిడ కిటికీలోంచి వెనక్కి చూసిందో లేదో, గార్డు పెట్టె కూడా మలుపు తిరిగేదాకా నేను లోపలికి రాలేదు.

ఆ తరవాత నాకు ఒంగోలు వైపు బదిలీ అయింది. క్లర్కు గుంతకల్లు దాటి ఏ దేశమూ వెళ్ళలేదు. ఏటా ఒక ఉత్తరం రాసేవాడు, అందులో ఏదో ఒక దేశం బండి టైములుండేవి. అరవైల చివర్లో రాసిన ఉత్తరంలో మాత్రం రైళ్ళ ఊసు లేదు. ఆ సినిమా మళ్ళీ ఒకసారి చూడాలనిపించి, సెలవు పెట్టి విజయవాడ పంపిణీ ఆఫీసుకు వెళ్ళాడట. కంపెనీ మూసేసి మూడేళ్ళయిందని అక్కడ చెప్పారు. ఆ బొమ్మ ప్రింట్లన్నీ, మద్రాసులో ఉన్న నెగటివుతో సహా, ఫిల్ములోంచి వెండి తీసుకునే వ్యాపారులకు తూకానికి అమ్మేశారు. అక్కడ ఒక్క ముక్కయినా మిగల్లేదట.